రంగం వెళ్లిన చమురు కూలీ

విశాఖపట్నంలో కాల్టెక్సు వారి చమురు శుద్ధి కర్మాగారం 1957లో వెలసినది. ఈ తీరపు యువకులు అంతకు ఎంతో పూర్వమే చమురు పని ఎరుగుదురు. అయితే అది ఇచటి పని కాదు. సముద్రానికి ఆవలి ఒడ్డున, రంగంలో.

బర్మాలోని యేనాన్‌జాంగ్ బావులలో తోడిన ముడిచమురు దాదాపు 275 మైళ్లు గొట్టాలలో ప్రయాణించి, రంగానికి ఏటి ఆవల ఉన్న సిరియం చేరేది. బర్మా ఆయిల్ కంపెనీ వారు దానిని అక్కడ శుద్ధి చేసేవారు. బావుల వద్ద తవ్వకపు విద్య అమెరికా వారిది. సిరియంలో బరువు మోసిన భుజాలలో తెలుగువారివి అనేకం.

పంట తప్పిన యేట గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల పల్లెలకు మేస్త్రీ వచ్చేవాడు. ఓడ కేవుకూ ఇంటి ఖర్చుకూ బయానా ఇచ్చేవాడు. ఆ బయానాయే సంకెల. బాకీ తీరేదాకా కూలిలో ముందు మేస్త్రీ భాగం, తరువాతనే కూలివాని భాగం. 1933లో విశాఖ రేవు తెరువక పూర్వం పెద్ద ఓడ దూరాన సముద్రంలోనే నిలిచేది. మసూలా పడవలో కెరటాలు దాటి దానిని ఎక్కవలసినదే. ఇరవై యేండ్లు నిండని పిల్లవానికి పరదేశం ఆ పడవలోనే ఆరంభం.

బర్మావారు అతనిని కోరంగీ అనేవారు. అది కాకినాడ చెంతనున్న పాత రేవు పేరు. శ్రీకాకుళపు కుర్రవానికి కోరంగితో ఏమి చుట్టరికం? కాని అసలు పేరు అడిగే తీరిక ఎవరికున్నది? మేస్త్రీ ఖాతాలో మాత్రం అది బాకీ పక్కన ఉండేది. అతడు మోసిన కిరసనాయిలు మన దేశానికీ వచ్చేది. కొడుకు కొరకు ఎదురుచూచే తల్లి గుడ్డిదీపంలో అతని చేతిమీదుగా వచ్చిన చమురే వెలిగి ఉండవచ్చు. ఆ సంగతి ఆమెకూ తెలియదు, అతనికీ తెలియదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగంపై బాంబులు కురిపించినవి. 1942 మార్చి 7న నగరం విడిచిపోతూ ఆంగ్లేయులే సిరియం కర్మాగారాన్ని పేల్చివేసినారు. నూనె శత్రువుకు దక్కరాదన్న జాగ్రత్త, కూలీ ఇల్లు చేరవలెనన్న విషయంలో కానరాలేదు. ఓడ దొరకనివారు అరకాను కనుమల గుండా, మణిపురం అడవుల గుండా నడిచినారు. కలరా, ఆకలి వేలమందిని దారిలోనే పొట్టన పెట్టుకున్నవి. ఏప్రిల్ 6న విశాఖ మీదనే బాంబులు పడినవి.

1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చిన పిమ్మట మరల కుటుంబాలు తరలివచ్చినవి. విశాఖలో వారు నిలిచిన పేటను నేటికీ బర్మా క్యాంపు అనే అంటారు.