ధ్వనులు కలసినవి; జను లెప్పుడు కలసెదరు?

తెలంగాణమున నేడు డీజే లేని పెండ్లి యూరేగింపు అరుదు. మక్తల్ సీమయు నిందుల కపవాదము కాదు. పెద్దలు దానిని రొద యని నిందింతురు; యువకులు కాలధర్మ మందురు. ఈ వివాదమున అసలు ప్రశ్న మరుగుపడుచున్నది. ఆ దరువున కెవ్వ రాడవచ్చును? ఎవ్వరు వెలుపల నిలువవలయును?

డీజే స్వయముగ వాద్యము వాయింపడు. ముద్రితములైన పాటలను ఒక్క లయకు దెచ్చి, తెగకుండ ఒకదానినుండి మరియొకదానికి నడపును. మంద్రధ్వనిని హెచ్చించి, ఆఫ్రికా, జమైకా, బ్రెజిల్ మున్నగు దేశముల దరువులను మేళవించు పద్ధతికి గ్లోబల్ బేస్ అని పేరు. దీని మూలము విలాసమందిరములలో లేదు. కింగ్‌స్టన్ నగరమున, మేళములు గల శాలలలో ప్రవేశము దుర్లభమైన బీదలు వీధులలో పెద్ద స్పీకర్లు నిలిపి నృత్యము సాగించిరి. ఆ నగరమున బుట్టిన కూల్ హెర్క్ 1973 ఆగస్టు 11న న్యూయార్కులోని బ్రాంక్సునందు జరిపిన వేడుకనే హిప్ హాప్‌నకు నాందిగ నెన్నుదురు. ఆ న్యూయార్కుననే డీజే రేఖ 1997 మొదలు 2017 వరకు భాంగ్రాను హిప్ హాప్‌తో మేళవించి నృత్యరాత్రులు నడపి, నానాజాతులవారి నొక్క నేలపై నాడించిరి.

ఇట్టి మేళవింపు మనకు క్రొత్త కాదు. నిజాము కొలువునకు వచ్చిన ఆఫ్రికా సిద్దీల మర్ఫా నేటికిని హైదరాబాదు పెండ్లిండ్లలో మ్రోగుచున్నది. 1948 వరకు ఆ యేలుబడిలోనే యున్న మక్తల్, తెలుగు, కన్నడము, ఉర్దూ కలసి వినబడు సరిహద్దు సీమ. ఇక డప్పు మన సొంత సొత్తు. నిప్పుసెగను తోలు కాచి, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల బట్టి మాదిగ కళాకారుడు వాయించు దరువే నేటి డీజే పాటలలో ననేకములకు ఆధారము.

ధ్వను లిట్లు కలసినవి, జనులు కలసిరా? దరువు ఇంటిలోనికి వచ్చినది; దరువు వేయువాడు వాకిటనే నిలిచెను. చావునకు, జాతరకు బిలిచి, భోజనపంక్తికి దూరముంచిన చరిత్ర మనది. స్త్రీల విషయము మరింత శోచనీయము. ఈ పాలమూరు సీమలోనే దళిత బాలికలను జోగినులుగ విడిచి, జాతరలలో డప్పు ముందు నాడించిరి. ఆ దురాచారమును 1988 నాటి చట్టము నిషేధించినది. మన యింటి యాడువా రాడినచో మాత్రము పరువు పోవు నంటిమి. ఒకరికి నిర్బంధము, ఒకరికి నిషేధము: రెండును దాస్యమే.

రొద నిజమే. 2000 నాటి నిబంధనల ప్రకారము రాత్రి 10 మొదలు ఉదయము 6 వరకు బహిరంగ స్థలములలో లౌడుస్పీకర్లు కూడవు. నివాసప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదు. వృద్ధులకు, రోగులకు, శిశువులకు నిద్ర పట్టవలయును గదా! ఈ నియమమును పాటింపవలసినదే. కాని ధ్వనిని దగ్గించుట వేరు. ఆడువారిని దరుముట వేరు.

మేము గృహస్థులను గోరునది స్వల్పము. డీజేకు వేలకొలది రూకలు పోయువారు డప్పు కళాకారునికి న్యాయమైన ప్రతిఫల మిచ్చి, పంక్తిలో విస్తరి వేయుడు. మీ కూతుండ్రు, కోడండ్రు, పాలేరుల బిడ్డలు తమ యిచ్చచొప్పున ఒక్క వలయమున నిర్భయముగ నాడునట్లు చూడుడు. యంత్రము ఖండఖండముల దరువులను కలుపగలిగినది. ఒక్క వీధివారిని కలుపుట మన పని.