మతిమరుపు ముదిరేదాకా ఆగొద్దు

అవ్వకు పెన్షన్ డబ్బు ఎక్కడ దాచిందో గుర్తుండదు. పొద్దున వేసుకున్న బీపీ మాత్రే మధ్యాహ్నం మళ్లీ వేసుకుంటుంది. పొయ్యి మీద పాలు పెట్టి, ఆ సంగతే మరిచిపోతుంది. 'పెద్దవయసు కదా, మామూలే' అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. పక్షవాతం వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి పరుగెత్తే మనం, జ్ఞాపకశక్తి సన్నగిల్లుతుంటే ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకుంటాం.

దేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది మతిమరుపు ముదిరే జబ్బయిన డెమెన్షియాతో బతుకుతున్నారని 2023లో వెలువడిన జాతీయస్థాయి అధ్యయనం అంచనా. మగవారికంటే ఆడవారిలో, పట్నాలకంటే పల్లెల్లో ఈ బెడద ఎక్కువ. న్యూరాలజిస్టులేమో నగరాల్లో ఉంటారు. అందుకే దీన్ని ముందు పసిగట్టాల్సింది ఊరి పీహెచ్‌సీలోనే.

ఫారంలో ప్రశ్న ఉంది

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే సీబ్యాక్ అనే ఆరోగ్య ఫారంలో అరవై దాటినవారికి విడిగా కొన్ని ప్రశ్నలున్నాయి. అయినవారి పేర్లు, సొంతింటి చిరునామా మరిచిపోతున్నారా అన్నది వాటిలో ఒకటి. అడగాల్సిన ప్రశ్నే. కానీ కన్నబిడ్డల పేర్లే గుర్తురాని స్థితి వచ్చేసరికి జబ్బు చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

అంతకంటే ముందే ఆరా తీయడానికి మినీ-కాగ్ అనే చిన్న పరీక్ష ఉంది. అరటిపండు, సూర్యోదయం, కుర్చీ లాంటి మూడు మాటలు చెప్పి, గడియారం బొమ్మ గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపమంటారు. తర్వాత ఆ మూడు మాటలూ అడుగుతారు. మూడు నిమిషాల పని. అయితే పలక పట్టని అవ్వ గడియారం గీయలేకపోతే అది మతిమరుపే అనుకోకూడదు. అలాంటివారి విషయంలో ఇంట్లోవాళ్లను అడగాలి: డబ్బు లెక్క చూసుకుంటోందా? మాత్రలు సరిగ్గా వేసుకుంటోందా? తెలిసిన దారిలోనే తడబడుతోందా?

పరీక్షలో తప్పినంత మాత్రాన డెమెన్షియా అని ముద్ర వేయకూడదు. బీ12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, కొన్ని నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. వీటిని సరిదిద్దవచ్చు. ఏ లక్షణమూ లేని పెద్దలందరికీ ఇలాంటి పరీక్ష చేయాలనడానికి గానీ, వద్దనడానికి గానీ తగినన్ని ఆధారాల్లేవని అమెరికా నిపుణుల బృందం 2020లో తేల్చింది. కాబట్టి జ్ఞాపకశక్తి పరీక్ష అనుమానం ఉన్నవారికి చేయాలి. డెమెన్షియా తెచ్చే ముప్పుల తనిఖీ మాత్రం అందరికీ జరగాలి.

ముప్పు మన చేతిలో

చదువు లేకపోవడం, వాయు కాలుష్యం మొదలు బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగ, మద్యం, వినికిడి లోపం, చూపు మందగించడం, ఒంటరితనం వరకు 14 ముప్పులను 2024లో లాన్సెట్ కమిషన్ లెక్కగట్టింది. వీటన్నిటినీ తొలగించగలిగితే సుమారు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు. ఫిన్లాండ్‌లో ముప్పు ఎక్కువగా ఉన్న 1,260 మంది పెద్దల మీద జరిపిన ఫింగర్ పరిశోధనలో సగం మందికి రెండేళ్లపాటు మంచి తిండి, వ్యాయామం, మెదడుకు పని, క్రమం తప్పని గుండె-రక్తనాళాల తనిఖీ అందించారు. మామూలు సలహాలతో సరిపెట్టినవారికంటే వీరు మేధో పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు.

బీపీ, షుగర్ చూసే పరికరాలు మన పీహెచ్‌సీల్లో ఉన్నాయి. మాత్రల కోసం వచ్చే ప్రతి పెద్దమనిషికీ ఏడాదికోసారి చెవి, కన్ను, జ్ఞాపకశక్తి గురించి కూడా అడిగే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. ఇక ఇంట్లోవాళ్ల వంతు. ఈసారి అమ్మనో నాన్ననో బీపీ చూపించడానికి తీసుకెళ్లినప్పుడు, వారి మరుపులో మీరు గమనించిన మార్పును డాక్టరుకు చెప్పండి. సాయం ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయండి.