ఎంత తిన్నారని కాదు, ఎలా తిన్నారని అడగాలి

ఆకలి మనిషికి సహజం. రుచి కోరుకోవడమూ సహజమే. పెళ్ళి దావత్‌లో నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నవారిని రోగి అని ఎవరూ అనరు. అయితే ఆకలి లేకపోయినా, ఆపాలని ఉన్నా ఆపుకోలేక, కడుపు నొప్పి పుట్టేవరకు తినేవారు కొందరుంటారు. తిన్న తర్వాత వారికి తృప్తి ఉండదు. సిగ్గు, దుఃఖం, తమమీద తమకే అసహ్యం మిగులుతాయి. మన ఇళ్ళలో అలాంటివారికి దొరికే బిరుదు ఒక్కటే, తిండిపోతు. వైద్యశాస్త్రం మాత్రం దీన్ని జబ్బుగా గుర్తించి బింజ్ ఈటింగ్ డిజార్డర్ అని పేరు పెట్టింది.

అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ ఈ తీరును 1959లోనే వర్ణించారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని ప్రత్యేక రుగ్మతగా అంగీకరించింది. సగటున వారానికి ఒకసారైనా, మూడు నెలలపాటు ఇలా జరుగుతూ మనసును బాధిస్తుంటే వైద్యులు దీన్ని అనుమానిస్తారు. ఇది లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడం సరికాదు. మామూలు బరువున్నవారికీ, మగవారికీ వస్తుంది.

ప్రశ్నావళి ఒక జల్లెడ

ఇలాంటివారిని కనిపెట్టడానికి వైద్యులు ముందుగా కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఈ ప్రశ్నావళి జల్లెడ వంటిది. రోగాన్ని నిర్ధారించదు, ఎవరిని వైద్యుడు పరీక్షించాలో చూపుతుంది. కాని ఒక ఊరి పిండికి అల్లిన జల్లెడ మరో ఊరి పిండికి సరిపోతుందా? ఇలాంటి ప్రశ్నావళులు చాలావరకు ఇంగ్లండ్, అమెరికా వంటి దేశాలలో పుట్టాయి. 1999లో ఇంగ్లండ్‌లో వెలువడిన స్కాఫ్ అనే అయిదు ప్రశ్నల పరీక్షలో బరువును 'స్టోన్' లెక్కన అడిగారు. ఒక స్టోన్ అంటే సుమారు ఆరున్నర కిలోలు. కొలతను మార్చడం తేలికే. ఆచారాన్ని మార్చి రాయడమే కష్టం.

ఉపవాసం సంగతే చూద్దాం. ఈడీఈ-క్యూ అనే మరో ప్రసిద్ధ ప్రశ్నావళి గడచిన 28 రోజుల గురించి అడుగుతుంది. శరీరాకృతిని, బరువును మార్చుకోవాలని మెలకువగా ఉన్న 8 గంటలు, అంతకుమించి ఏమీ తినకుండా ఉన్నారా అన్నది అందులో ఒక ప్రశ్న. రమజాన్ నెల 29 లేదా 30 రోజులు. అంటే ఆ 28 రోజులూ రోజాలలోనే గడిచి ఉండవచ్చు. అనువాదంలో 'బరువు కోసం' అన్న మాట జారిపోతే రోజా పాటించిన ప్రతివారూ రోగుల జాబితాలోకి ఎక్కుతారు. ఏకాదశి ఉపవాసం ఉన్న హిందూ సోదరికీ ఇదే గతి. పస్తు ఒకటే, నియ్యత్ (సంకల్పం) వేరు. మైకేల్ కింగ్, దినేశ్ భుగ్రా అనే పరిశోధకులు ఉత్తర భారతంలోని పాఠశాల బాలికలపై జరిపిన అధ్యయనం 1989లో వెలువడింది. పాశ్చాత్య ప్రశ్నావళిలోని కొన్ని ప్రశ్నలను ఆ బాలికలు వేరే అర్థంలో తీసుకున్నారని అది చూపింది. దీనికి మరో వైపూ ఉంది. సన్నబడాలన్న తపనను ఉపవాసం చాటున దాచుకునేవారూ ఉండవచ్చు. కనుక ఆ ప్రశ్నను తీసివేయకూడదు, నియ్యత్‌ను స్పష్టంగా అడగాలి.

దస్తర్‌ఖాన్ దగ్గర

'చాలామంది తినేదానికంటే ఎక్కువ' తినడం ఈ రుగ్మత లక్షణమని అమెరికా నిర్వచనం చెబుతుంది. ఆ చాలామంది ఎవరు? ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చుని తినే ఇంట్లో ఒక్కరి వాటాను కొలిచేదెలా? అతిథికి కొసరి కొసరి వడ్డించే ఇంట్లో కడుపు నిండినా కాదనడం అమర్యాద. ఒంటరిగా తింటారా అన్నది మరో ప్రశ్న. అందరికీ పెట్టి చివర తినే కోడలు ఒంటరిగానే తింటుంది, అది సిగ్గుతో కాదు. గబగబా తింటారా అంటే, పావుగంట విరామం దొరికే కూలీ అవునంటాడు, అది జబ్బు కాదు.

అలాగని విందుల సమాజంలో ఈ రుగ్మత ఉండదనుకోరాదు. ఫిజీ ద్వీపాలలో బాగా తినడం, తినిపించడం గౌరవం. అక్కడి స్త్రీలపై ఆన్ బెకర్, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, అదుపు తప్పి తింటూ బాధపడేవారు కనిపించారు. విందు వేరు, వ్యాధి వేరు.

2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టిక ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసింది. పరిమాణం కంటే అదుపు తప్పడానికే అది ప్రాధాన్యమిచ్చింది. మన ఇళ్ళకు ఈ కొలత బాగా నప్పుతుంది. ఇఫ్తార్‌లో అందరితో కలిసి నిండుగా తిన్నవాడిని వదిలేయండి. అందరూ నిద్రపోయాక వంటగదిలో చాటుగా, ఆపుకోలేక తిని, ఏడుస్తూ పడుకునే పిల్ల గురించి ఆలోచించండి.

మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. తెలుగులో 'తిండిపోతుతనం' అన్నా, ఉర్దూలో 'బిసియార్ ఖోరీ' అన్నా అందులో నింద ఉంది. ఆ మాటతో అడిగితే నిజమైన బాధితులు కాదని తల తిప్పుకుంటారు. 'తినడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయిన సందర్భాలున్నాయా? తర్వాత మనసుకు ఎలా ఉంటుంది?' అని అడిగితే నోరు విప్పుతారు. అందుకే ప్రశ్నను ఊరికే అనువదిస్తే చాలదు. ఆ భాష మాట్లాడేవారికి వినిపించి ఏమి అర్థమైందో తెలుసుకోవాలి. వచ్చిన జవాబులను వైద్యుని పరీక్షతో పోల్చి చూడాలి.

ఇంట్లో అలాంటివారుంటే నఫ్స్‌ను అణచుకొమ్మని మందలించి ఊరుకోకండి. కఠినమైన పస్తులతో ఈ రుగ్మత ముదరవచ్చు. రోగికి రోజా విషయంలో షరీఅత్ సడలింపు ఇచ్చింది. వైద్యుణ్ణి, ఆలిమ్‌ను ఇద్దరినీ సంప్రదించాలి. మాటలతో చేసే మానసిక చికిత్సతో చాలామందికి నయమవుతుంది. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. జబ్బును పాపమని పిలిస్తే మనిషి దాక్కుంటాడు. జబ్బని పిలిస్తే వైద్యుని దగ్గరకు వస్తాడు.