లందలోని రసాయనం: కొల్లాజెన్, వేడిమి, తంగేడు చెక్క

లేజరుతో కణజాలాన్ని అతికించే శస్త్రచికిత్సకు ఆధారం కొల్లాజెన్. దాని మూడుపేటల పురిని 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కార్తా ప్రతిపాదించారు. తడిచర్మాన్ని దాదాపు 60–65 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే పేటలను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తెగి పురి వీడిపోతుంది, చర్మం ముడుచుకుంటుంది. లేజరు పద్ధతి ఈ విచ్ఛిత్తినే వాడుకుంటుంది. కోత అంచులలో పురి వీడిన పోగులు చల్లారుతూ పరస్పరం పెనవేసుకుంటాయన్నది ప్రధాన వివరణ. వేడి మితిమీరితే కణజాలమే చచ్చిపోయి అతుకు పెళుసవుతుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాలలో మాదిగలు నడిపిన లంద సరిగ్గా ఎదురు దిశలో పనిచేసింది. సున్నపునీటిలో నానిన తోలు వెంట్రుకలను వదులుతుంది. ఆపైన తంగేడు చెక్క కషాయంలోని టానిన్లు పోగుల మధ్య చేరి కొత్త హైడ్రోజన్ బంధాలు కల్పిస్తాయి. తోలు ముడుచుకునే ఉష్ణోగ్రత సుమారు 80 డిగ్రీలకు చేరుతుంది, తోలు కుళ్లదు. మోటబావి తోలుతొండం నిత్యం నీటిలో మునిగి తేలుతూ నిలిచినది ఈ బంధాల బలంతోనే. తరగతిలో కొల్లాజెన్ చెప్పడానికి లేజరు కన్నా ఇదే మనకు దగ్గరి ఉదాహరణ.

క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు మరుగునీటినీ తట్టుకుంటుంది, త్వరగా తయారవుతుంది. ఆ పోటీలో లంద నిలువలేదు. ఎంత చెక్క, ఎన్నాళ్ల నానుడు అన్న కొలతలు తెలిసిన వృద్ధులు తగ్గిపోతున్నారు. మన రసాయనశాస్త్ర విభాగాలు ఆ కొలతలను వారి పేరిట ఇప్పుడే నమోదు చేయాలి.