స్టూడెంట్ రేస్ కారుకు బటన్‌తో గేర్: ముందు కొలత, తర్వాతే సిలిండర్

మన బాన్సువాడ దిక్కు నుంచి నిజామాబాద్‌కో, హైదరాబాద్‌కో పోయి ఇంజినీరింగ్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతున్న ప్రశ్న ఇది: "కాలేజీలో ఫార్ములా కారు చేస్తున్నాం. స్టీరింగ్ మీద బటన్ నొక్కితే గేర్ పడాలంటే ఎట్లా?" ఇవాళ దాని గురించే.

ముందుగా పోటీ సంగతి. విద్యార్థులే డిజైన్ చేసి, తయారుచేసి, నడిపే ఈ పోటీలు 1981లో అమెరికాలో ఫార్ములా ఎస్ఏఈ పేరుతో మొదలయ్యాయి. మన దేశంలో సుప్రా ఎస్ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ ఉన్నాయి. ఫార్ములా భారత్ కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలో జరుగుతుంది. ఇంజిన్ 710 సీసీ దాటకూడదు కాబట్టి మన టీములు ఎక్కువగా బైక్ ఇంజిన్ వాడతాయి. కేటీఎం 390 చాలామందికి తెలిసిందే.

బైక్ ఇంజిన్ అంటే గేర్‌బాక్స్ కూడా దాంట్లోనే వస్తుంది. అది సీక్వెన్షియల్, అంటే గేర్లు వరుసగానే పడతాయి. బైక్ మీద ఆ పని ఎడమ కాలు చేస్తుంది. కారులో డ్రైవర్ కాళ్లు ముందు, ఇంజిన్ వీపు వెనక. అందుకని చాలా టీములు పక్కన ఒక లివర్ పెట్టి, రాడ్‌తోనో కేబుల్‌తోనో గేర్ షాఫ్ట్‌కు కలుపుతాయి. అది పనిచేస్తుంది. మరి బటన్ ఎందుకు?

చాలామంది "స్పీడు కోసం" అంటారు. అది సగమే నిజం. ఈ ట్రాక్‌లు ఇరుకు, మలుపు మీద మలుపు. మలుపులో ఒక చెయ్యి స్టీరింగ్ వదిలితే కారు లైన్ తప్పుతుంది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండడం, అదీ అసలు లాభం.

నష్టం కూడా చూడాలి కదా. ఫార్ములా ఎస్ఏఈ లెక్కలో మొత్తం 1000 పాయింట్లు. 75 మీటర్ల యాక్సిలరేషన్‌కు 100, సుమారు 22 కిలోమీటర్ల ఎండ్యూరెన్స్‌కు 275. గేర్ 0.1 సెకను ముందు పడితే 100లో కొన్ని పాయింట్లు పెరుగుతాయి. ఎండ్యూరెన్స్ మధ్యలో గేర్ పడకుండా కారు ఆగిపోతే 275లో చాలావరకు పోయినట్టే. కాబట్టి మన డిజైన్ ప్రశ్న "ఎంత వేగంగా పడుతుంది" కాదు, "ప్రతిసారీ పడుతుందా" అన్నది.

ఇక లెక్కకు వద్దాం. ఇంటర్నెట్‌లో చూసి సిలిండర్ కొనేయకండి. ముందు మీ ఇంజిన్‌కు ఎంత బలం కావాలో కొలవండి. గేర్ లివర్ చివరకు స్ప్రింగ్ కాంటా తగిలించి లాగండి. ఒక మనిషి వెనక చక్రం తిప్పుతూ ఉండాలి, ఎందుకంటే బండి కదలకపోతే పై గేర్లు సరిగా పడవు. ఈ సంగతి మన బైక్ మెకానిక్ ఎవరినడిగినా చెప్తారు. ప్రతి గేర్‌కు పదిసార్లు కొలిచి, పెద్ద అంకె తీసుకోండి.

ఉదాహరణకు 50 మిల్లీమీటర్ల లివర్ మీద కాంటా 12 కిలోలు చూపించిందనుకుందాం. అంటే సుమారు 120 న్యూటన్లు. దాన్ని 0.05 మీటర్లతో గుణిస్తే 6 న్యూటన్ మీటర్ల టార్క్. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఇంకా ఎక్కువ కావచ్చు, అందుకని రెండింతలు పెట్టి 12 అనుకుందాం. మనం 60 మిల్లీమీటర్ల లివర్ పెడితే సిలిండర్ ఇవ్వాల్సింది 200 న్యూటన్లు.

గాలి సిలిండర్ బలం అంటే వైశాల్యం ఇంటూ ప్రెషర్. 6 బార్ దగ్గర 20 మిల్లీమీటర్ల బోర్ 188 న్యూటన్లే ఇస్తుంది, చాలదు. 25 బోర్ అయితే తోసేటప్పుడు 295. లాగేటప్పుడు 10 మిల్లీమీటర్ల రాడ్ కొంత చోటు తినేస్తుంది కాబట్టి 247. రెండు వైపులా 200 దాటింది. ఇప్పుడు కొనొచ్చు.

గాలితో పనిచేయడం కొత్తేమీ కాదు. మన బస్టాండ్‌లో బస్సు ఆగినప్పుడు "తుస్స్" అని వినపడేది ఎయిర్ బ్రేక్ గాలే. కాకపోతే బస్సుకు కంప్రెసర్ ఉంటుంది, మన కారుకు ఉండదు. ఇక్కడే చాలా టీములు దెబ్బతింటాయి. 25 బోర్, 30 స్ట్రోక్ సిలిండర్ ఒక్క షిఫ్టుకు మామూలు గాలి లెక్కన సుమారు 0.1 లీటరు తాగుతుంది. ఒక లీటరు ట్యాంకులో 10 బార్ నింపితే, 6 బార్‌కు దిగేలోపు వాడుకోగలిగేది 4 లీటర్లు. అంటే 40 షిఫ్టులు. ల్యాపుకు 20 షిఫ్టులైతే రెండు ల్యాపులకే ట్యాంకు ఖాళీ! 22 ల్యాపులకు 440 షిఫ్టులు, 44 లీటర్లు కావాలి. పంక్చర్ షాపు గాలి సరిపోదన్నమాట. హై ప్రెషర్ సిలిండర్ పెట్టాలి, లేదా చిన్న 12 వోల్టుల కంప్రెసర్ మోయాలి. సిలిండర్ సొంతంగా వెల్డింగ్ చేసింది అస్సలు పనికిరాదు. ఆ ప్రెషర్‌కు కంపెనీ తయారుచేసి, సర్టిఫై చేసినది కావాలి. రెగ్యులేటర్ నేరుగా దాని మీదే ఉండాలి. ఇది రూల్ మాత్రమే కాదు, డ్రైవర్ ప్రాణం సంగతి.

కరెంటుతో చేస్తే? 200 న్యూటన్లతో 15 మిల్లీమీటర్లు కదిపితే 3 జౌల్స్. అది 50 మిల్లీసెకన్లలో అవ్వాలంటే 60 వాట్లు. మోటార్, గేర్లలో పోయేది పోగా 40 శాతమే అందుతుందనుకుంటే 150 వాట్లు, అంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 12 ఆంపియర్ల పైనే. గాలి బాధ ఉండదు, బ్యాటరీ బాధ ఉంటుంది. ఏది ఎంచుకున్నా ఈ లెక్క కాగితం మీద ఉంటే డిజైన్ జడ్జి "ఎందుకు ఇదే?" అన్నప్పుడు తడబడరు.

ఇప్పుడు టైమింగ్. గేర్లను పట్టి ఉంచే డాగ్స్ అనే పళ్లు ఇంజిన్ లోడ్ మీద బిగుసుకుని ఉంటాయి. పై గేర్ వేయాలంటే ఆ బిగువు ఒక్క క్షణం తగ్గాలి. అందుకే ఇగ్నిషన్ కట్. ముందు సిలిండర్ లివర్ మీద బలం పెడుతుంది, వెంటనే స్పార్క్ 50 నుంచి 80 మిల్లీసెకన్లు ఆగుతుంది, డాగ్ జారి గేర్ పడుతుంది. కింది గేర్‌కు మొదట్లో క్లచ్ వాడండి. ప్రోగ్రాంలో ఒక కాపలా కూడా ఉండాలి: 9,000 ఆర్‌పీఎం దగ్గర 3 నుంచి 2కి దించితే, రెండింటి నిష్పత్తి 1.3 అనుకుంటే, ఇంజిన్ 11,700కు ఎగబాకుతుంది. అలాంటప్పుడు బటన్ నొక్కినా కంట్రోలర్ ఒప్పుకోకూడదు.

మరి మూడు చిన్న విషయాలు. ఒకటి, షిఫ్ట్ అయ్యాక సిలిండర్‌లో రెండు వైపుల గాలీ బయటికి పోవాలి. అప్పుడే గేర్‌బాక్స్ స్ప్రింగ్ లివర్‌ను మధ్యకు తెస్తుంది, లేకపోతే రెండో గేర్ పడదు. రెండు, లివర్‌కు బయట గట్టి స్టాపర్ పెట్టండి. లేకపోతే మిగతా బలమంతా లోపలి ఫోర్క్ మీద పడి అది వంగుతుంది. మూడు, వైర్లను స్పార్క్ కాయిల్‌కు దూరంగా నడపండి. ఆ డిస్టర్బెన్స్‌కు కంట్రోలర్ బటన్ నొక్కారని భ్రమపడుతుంది.

ఫార్ములా వన్‌లో కూడా 1989లో ఫెరారీ 640 ప్యాడిల్ గేర్‌తో వచ్చి, నైజెల్ మాన్సెల్ చేతిలో బ్రెజిల్‌లో తొలి రేసే గెలిచింది. ఆ తర్వాత ఆ సీజన్‌లో చాలాసార్లు మధ్యలోనే ఆగిపోయింది. అంత పెద్ద టీముకే అట్లయితే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

కాబట్టి వరుస ఇది: ముందు చేతి లివర్‌తో కారు నడిపించండి. తర్వాత స్టాండ్ మీద చక్రం తిప్పుతూ బటన్‌తో 500 షిఫ్టులు వేసి, తప్పినవి పుస్తకంలో రాయండి. ఆ తర్వాతే ట్రాక్. పోటీకి నెల ముందు కూడా తప్పులు వస్తుంటే, సిగ్గుపడకుండా లివర్‌తోనే వెళ్లండి. ఫినిష్ చేసిన లివర్ కారుకు పాయింట్లు వస్తాయి, ఆగిపోయిన ప్యాడిల్ కారుకు రావు.

మీ కొలతలు కింద రాయండి, లెక్క కలిసి చూద్దాం. వచ్చే వారం క్లచ్ సంగతి. అప్పటిదాకా సెలవు.