చెవిలో చుక్కల మందు: వేసే పద్ధతి, తీసుకోవలసిన జాగ్రత్తలు

వానలు మొదలయ్యాయంటే మా ఓ.పి.లో చెవి బాధతో వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. దురద, పోటు, నీరు కారడం, చీము పట్టడం, ఏదైనా సరే చాలామంది ముందు ఇంట్లో ఉన్న చుక్కల మందు వేసి చూస్తారు. తగ్గకపోతేనే ఆసుపత్రికి వస్తారు. చిన్న సీసా, నాలుగు చుక్కలు, ఏమవుతుందిలే అనుకుంటారు. కాని సరిగా వేస్తే కొద్ది రోజుల్లో తగ్గే జబ్బు, తప్పు మందు వేస్తే వినికిడికే ముప్పు తేవచ్చు.

కొంతకాలం క్రితం ఒక తల్లి ఆరేళ్ల పాపను మూడవసారి తీసుకువచ్చింది. మందు రోజూ వేస్తున్నానంటుంది, చెవి మాత్రం తగ్గలేదు. మా ఎదుట ఒకసారి వేసి చూపించమన్నాము. పాపను నిలబెట్టి, తల కొంచెం వంచి చుక్కలు వేసి, వెంటనే దూది గట్టిగా పెట్టేసింది. మందంతా దూది పీల్చుకుంది. ఇన్నాళ్లూ జరిగింది అదే. ఇందులో ఆ తల్లి తప్పు లేదు. "రోజుకు రెండుసార్లు, మూడేసి చుక్కలు" అని చెప్పి సీసా చేతికిచ్చామే గాని, ఎలా వేయాలో మేము చూపించలేదు. అప్పటినుండి మొదటిసారి మందు మా సిస్టర్లే వేసి చూపిస్తున్నారు. వారు చెప్పే విషయాలే ఇక్కడ రాస్తున్నాము.

అన్ని చుక్కలూ ఒకటి కావు

పెద్దవారిలో చెవి గొట్టం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. దాని చివర కర్ణభేరి అనే పలుచని పొర ఉంటుంది. గొట్టంలో ఇన్ఫెక్షన్ వస్తే చెవి డొప్పను పట్టుకుని లాగినా నొప్పి పుడుతుంది. బూజు (ఫంగస్) పడితే విపరీతమైన దురద ఉంటుంది, తడిసిన కాగితం లాంటి పొర కనిపిస్తుంది. దీనికి క్లోట్రిమజోల్ వంటి మందు కావాలి. యాంటీబయాటిక్ చుక్కలు దీనికి పనిచేయవు సరికదా, ఎక్కువ రోజులు వేస్తే బూజు ఇంకా పెరగవచ్చు.

జలుబు తరువాత కర్ణభేరి వెనుక చీము పట్టి, ఆ పొరకు చిల్లు పడవచ్చు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చిల్లు ఉన్న చెవిలో జెంటామైసిన్, నియోమైసిన్ వంటి మందులు కలిసిన చుక్కలు వేస్తే అవి లోపలి చెవికి చేరి వినికిడిని దెబ్బతీయగలవు. అలా పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చు. గులిమి కరిగించే చుక్కలు కూడా అలాంటి చెవిలో వేయకూడదు. చిల్లు ఉన్నా వేయదగిన సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లోక్సాసిన్ చుక్కలు ఉన్నాయి. అయితే చిల్లు ఉందో లేదో డాక్టరు లైటు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అందుకే ఒకరి మందు మరొకరికి, పోయిన ఏటి మందు ఈ ఏడు వేయవద్దని పదేపదే చెబుతున్నాము.

వేసే పద్ధతి

1. చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసాపై మందు పేరు, గడువు తేదీ చూడండి. కంటి మందు, చెవి మందు సీసాలు ఒకేలా ఉంటాయి. చెవికి మాత్రమే అని ఉన్న మందును కంట్లో ఎన్నడూ వేయరాదు.

2. సీసాను గుప్పిట్లో ఒకటి రెండు నిమిషాలు పట్టుకోండి. చల్లని మందు చెవిలో పడితే కళ్లు తిరుగుతాయి. అలాగని వేడినీళ్లలోనో, పొయ్యి పక్కనో పెట్టవద్దు.

3. చీము కారుతుంటే శుభ్రమైన మెత్తని గుడ్డను వత్తిగా చేసి చెవిలో కాసేపు ఉంచి తీయండి. తడి ఆరేవరకు వత్తి మారుస్తూ ఉండండి. పుల్లలు వాడవద్దు.

4. బాధ ఉన్న చెవి పైకి వచ్చేలా పక్కకు తిరిగి పడుకోవాలి.

5. పెద్దవారికి చెవి డొప్పను పైకి, వెనక్కి లాగాలి. మూడేళ్ల లోపు పిల్లలకు కిందికి, వెనక్కి లాగాలి. అప్పుడు గొట్టం తిన్నగా అవుతుంది.

6. డాక్టరు చెప్పినన్ని చుక్కలు గొట్టం గోడ మీదుగా జారేలా వేయండి. సీసా మొన చెవికి గాని, వేలికి గాని తగలకూడదు.

7. చెవి రంధ్రం ముందున్న చిన్న మడతను నాలుగైదుసార్లు మెల్లగా నొక్కండి. ఐదు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. దూది పెట్టమని డాక్టరు చెబితేనే, అదీ వదులుగా పెట్టండి.

చేయకూడనివి

కాచిన నూనె, వెల్లుల్లి రసం, ఆకు పసరు, చనుబాలు చెవిలో పోయవద్దు. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్ లోపలికి పెట్టవద్దు. నొప్పి తగ్గింది కదా అని మధ్యలో మందు మానవద్దు. సీసా మూత తీసిన రోజున తేదీ దానిపై రాసుకోండి. సీసాపై వేరే విధంగా లేకుంటే, నెల దాటాక మిగిలిన మందు పారేయండి. తగ్గేవరకు చెరువులో, కాలువలో ఈతకు వెళ్లవద్దు. తలస్నానం చేసేటప్పుడు వాజిలిన్ రాసిన దూదిని చెవి బయటి భాగంలో పెట్టుకోండి.

వెంటనే రావలసిన సందర్భాలు

మందు వేశాక దద్దురు, ఎక్కువ మంట వచ్చినా, కళ్లు తిరిగినా, చెవిలో హోరు వినిపించినా, వినికిడి తగ్గినా మందు ఆపి రండి. మందు రుచి గొంతులో తెలిస్తే కర్ణభేరికి చిల్లు ఉండవచ్చు. చెవి వెనుక వాపు, జ్వరం, మూతి వంకర పోవడం కనిపిస్తే ఆ రోజే రావాలి. షుగరు ఉన్నవారికి రాత్రి నిద్ర పట్టనంత చెవిపోటు వస్తే ఆలస్యం చేయరాదు. ఇన్ఫెక్షన్ ఎముకకు పాకే ప్రమాదం ఉంది. రెండు మూడు రోజుల్లో గుణం కనిపించకపోయినా మళ్లీ చూపించుకోండి.

పద్ధతి ప్రకారం మందు పడ్డాక ఆ పాప చెవి వారంలో ఆరింది. ఈసారి మీ చేతికి చుక్కల మందు ఇస్తే, "ఎలా వేయాలో చూపించండి" అని మా సిస్టర్లను అడగండి. చూపించకుండా పంపితే మాకు చెప్పండి.