తొమాతే

మదనపల్లెకు సమీపమున నున్న కురబలకోట మండలమునందు అంగళ్లు అను గ్రామము కలదు. పంటకాలమున అచ్చటి విపణికిని, మదనపల్లె విపణికిని టమోటా పెట్టెలు బండ్లమీద వచ్చుచుండును. రైతు, దళారి, హమాలీ, లారీ నడుపువాడు, అందఱి నోటను వినబడు మాట యొక్కటే: "ఈ దినము టమోటా ఎంత?" ఇందఱి బ్రతుకు తెరువు ఏ పంటపై ఆధారపడి యున్నదో, ఆ పంట పేరు మన భాషది కాదు. ఇంగ్లీషువారిదియు కాదు.

మెక్సికో దేశపు పూర్వనివాసులైన అజ్టెక్కుల భాషకు నవాత్ల్ అని పేరు. వారు ఈ జాతి పండ్లను 'తొమాత్ల్' అనిరి. 1519లో ఎర్నాన్ కోర్తేస్ అను సేనాని వెంట అచ్చట దిగిన స్పెయిన్ వారికి తుదనున్న 'త్ల్' అను ధ్వని నోరు తిరుగలేదు. వారు దానిని 'తొమాతే' అని మార్చుకొనిరి. ఆ శతాబ్దముననే సహగూన్ అను క్రైస్తవ సన్యాసి అజ్టెక్కుల జీవితమును గూర్చి గొప్ప గ్రంథమును కూర్చెను. అందు టమోటాలు అమ్మువారి ప్రస్తావన కూడ కలదు. మంచి వర్తకుడు పలు రకముల పండ్లను అమ్మునట. చెడ్డ వర్తకుడు నలిగినవానిని, క్రుళ్లినవానిని అంటగట్టునట. నాలుగు వందల యేండ్లు దాటిన ఆ మాట మన మండీలలో నేటికిని చెల్లును!

ఇంగ్లీషువారు ఈ పదమును గ్రహించి, పొటాటో అను మాట పోలికచే కాబోలు, తుది అచ్చును 'ఓ'గా మార్చిరి. వారు పలుకు తకారము మన చెవికి టకారముగా వినబడును. కనుకనే మనకది 'టమోటా' యైనది. స్పానిషు నేర్వగోరు తెలుగు విద్యార్థికి ఇచ్చట నొక సౌకర్యము కలదు. ఆ భాషలోని తకారము మన తకారమువలెనే నాలుక దంతములకు తగిలి పుట్టును. నడిమి అక్షరమును ఒత్తి 'తొమాతే' అని పలికిన చాలును.

ఆ భాషలో ప్రాణములేని వస్తువులకును స్త్రీపుంలింగ భేదము కలదు. పండు పుంలింగము: 'ఎల్ తొమాతే'. బహువచనమున 'లోస్ తొమాతెస్'. దానిని కాచు మొక్క మాత్రము స్త్రీలింగము: 'లా తొమాతేరా'. దీనికి కారణము వెదకుట వ్యర్థము; కంఠస్థము చేయవలసినదే. ఆ పండుతో కొట్టిన దెబ్బకు 'తొమాతాసో' అని పేరు. 'ఆసో' అను ప్రత్యయము చేరినచో పెక్కు పదములకు 'దానితో కొట్టిన దెబ్బ' అను అర్థము వచ్చును.

మెక్సికో నగరమునకు పోయినవారు జాగరూకులై యుండవలెను. అచ్చట ఎఱ్ఱని పండును 'హితోమాతే' అందురు. ఉత్త 'తొమాతే' అని యడిగినచో, మన చేలగట్లపై మొలచు కుప్పంటికాయవలె పలుచని పొరలో దాగిన పచ్చని కాయను ఇత్తురు. పదము పుట్టినచోటనే దాని అర్థము వేఱుగా నుండుట వింత కదా!

ఇక పలుకుబళ్లు. సిగ్గుచే మొగము ఎఱ్ఱబడినవానిని స్పెయిన్ వారు 'తొమాతేవలె అయ్యెను' అందురు. మనము మొగము కందగడ్డ యయ్యెనన్నచో అది కోపము. ఎఱుపు ఒక్కటే, వారి పండు సిగ్గును తెలుపగా, మన గడ్డ కోపమును తెలుపును. 'ఆకీ ఐ తొమాతే' అనగా మాటకు మాటగా 'ఇచ్చట టమోటా ఉన్నది' అని యగును. కాని దాని భావము 'ఇందులో ఏదో గూడుపుఠాణి ఉన్నది' అనియే. మేజోటికి పడిన చిల్లును కూడ వారు 'తొమాతే' అందురు. చిల్లులోనుండి మడమ గుండ్రముగా కానవచ్చుటయే కారణమేమో! నిఘంటువు ఎదుట పెట్టుకొని పదమునకు పదము మార్చువారు ఇట్టిచోటులందే బోల్తాపడుదురు.

స్పెయిన్ దేశమున బున్యోల్ అను ఊర ఆగస్టు నెల చివరి బుధవారమున జనులు టమోటాలతో ఒకరినొకరు కొట్టుకొని వినోదింతురు. 1945లో మొదలైన ఆ వేడుక పేరు 'తొమాతీనా'. మన సీమలో పండ్లు రోడ్డుపాలగుట వేడుక కాదు. 2023 జూలై చివర మదనపల్లెలో మేలురకము టమోటా కిలో 200 రూపాయలకు చేరువయ్యెను. సెప్టెంబరు వచ్చునప్పటికి ధర కూలిపోయి, రాయలసీమలో కోతకూలియైనను గిట్టక రైతులు పలుచోట్ల పంటను పాఱబోసిరి.

తెలుగువారు ఈ పండునకు స్వంత పేరు పెట్టుకొనకపోలేదు. కొన్ని ప్రాంతములవారు 'రామములక' అనిరి. ములకయు, వంగయు, టమోటాయు ఒక్క కుటుంబమునకు చెందినవని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ పేరు పెట్టిన పల్లెవారు ఏ శాస్త్రమును చదువకయే పోలిక పట్టిరి. తమిళదేశపు సరిహద్దునగల పల్లెలలో 'తక్కాళి' అను మాటయు వినబడును. పిందె, కాయ, దోర, పండు అని మనకు దశకొక పదము కలదు. దూరపు ఊళ్లకు పంపవలసిన సరకును రైతు దోరగా నున్నప్పుడే కోయును. స్పానిషులో పచ్చిది 'తొమాతే వెర్దే', పండినది 'తొమాతే మదూరో' అని విశేషణములు చేర్చవలసినదే.

స్పెయిన్ దేశపు అంగడిలో ధర అడుగవలెనన్నచో 'ఆ కోమో ఎస్తా ఎల్ తొమాతే?' అనవలెను. రాశులుగా పోసియున్నను ఏకవచనమే. అంగళ్లలోని ప్రశ్నయు అట్టిదే. 'నాకొక కిలో కావలెను' అనుటకు 'కియేరో ఉన్ కీలో' అనిన చాలును. బదులు తెలియుటకు అంకెలు నేర్వవలెను: ఉనో, దోస్, త్రేస్. ఈ కడపటి రెండును మన సంస్కృతమందలి ద్వి, త్రి శబ్దములకు దూరపు చుట్టములే.